కృష్ణ ఒడ్డున వసంతం: కెమెరాతో ఎక్కడ నడవాలి, ఎక్కడ ఆగిపోవాలి?

పటమట_నాన్న | సోమవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. శివరాత్రితో చలి వెళ్ళిపోయింది, మా అమ్మాయి పరీక్షలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఎనిమిదో తరగతి. కళ్ళు పుస్తకం మీద, ధ్యాసంతా కిటికీ బయటి వేపచెట్టు మీద. ఉగాదికి కెమెరా కొనిస్తానని మాట ఇచ్చి, పోరు పడలేక ముందే కొనేశాను. లెన్సు మార్చే పని లేనిది, 600 మి.మీ. వరకు జూమ్ ఉన్నది. ఇక పొద్దున్నే కృష్ణ ఒడ్డుకు తీసుకువెళ్ళాలి. నేను పుట్టి పెరిగింది విజయవాడలోనే అయినా, నాకు తెలిసిన కృష్ణ అంటే పుష్కర ఘాట్లు, బ్యారేజీ మీద సాయంకాలపు గాలి, అంతే. ఏ వైపు నడిస్తే పిట్టలు కనబడతాయి? ఎన్నింటికి బయలుదేరాలి? పిల్లతో వెళ్ళదగిన చోటు చెప్పండి.

కరకట్ట_బాటసారి | సోమవారం, రాత్రి 10.02

ముందు ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ప్రకాశం బ్యారేజీకి పైన ఉన్నది ఒక నది, కింద ఉన్నది మరొక నది. పైన ఎండాకాలంలోనూ నీరు నిలిచి ఉంటుంది. నిండితే 12 అడుగుల మట్టం, 3 టీఎంసీల పైచిలుకు నీరు. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ మునిగి చేపలు పట్టే నీటికాకులు, నీటి మీద చక్కర్లు కొట్టే టెర్న్ పక్షులు, భవానీ ద్వీపం చెట్ల మీద కొంగలు కనిపిస్తాయి. కింద గేట్లు మూసేశాక మిగిలేది ఇసుక, మధ్యమధ్య మడుగులు. లోతు తక్కువ నీళ్ళలో, నీటి అంచున నడిచి తినే పక్షులన్నీ అక్కడే ఉంటాయి: ఎర్రని పొడుగు కాళ్ళ స్టిల్ట్‌లు, నత్తగుల్ల కొంగలు, ఉల్లంకులు, జిట్టంగులు. పైన పక్షులు తక్కువ రకాలు, అందమైన నేపథ్యం. కింద పక్షులు ఎక్కువ రకాలు, నేపథ్యంలో చెత్త. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

రెండోది వెలుతురు. ఇక్కడ కృష్ణ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది. పొద్దున బెజవాడ ఒడ్డున నిలబడి నది వైపు చూస్తే సూర్యుడు మీ వీపు వెనక, ఎడమ పక్కగా ఉంటాడు. పక్షి కంట్లో మెరుపు కూడా పడుతుంది. అదే సమయంలో సీతానగరం ఒడ్డున నిలబడితే పక్షులన్నీ నల్లని బొమ్మలే. సాయంత్రం ఇదంతా తారుమారు. కాబట్టి ఉదయం పున్నమి ఘాట్ నుంచి గానీ, కింది వైపు యనమలకుదురు కరకట్ట నుంచి గానీ చూడండి. సాయంత్రం సీతానగరం వెళ్ళండి. ఇంత చిన్న విషయం పట్టించుకోకుండా లక్షలు పోసి లెన్సులు కొనేవాళ్ళను చూస్తే నాకు జాలి.

మార్చిలో సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో. మీరు అప్పటికి ఒడ్డున ఉండాలి, ఇంట్లో కాఫీ కలుపుతూ కాదు. పిల్లతో కాబట్టి మొదటిసారి పున్నమి ఘాట్ మేలు.

బందరుకాలువ | సోమవారం, రాత్రి 10.20

బ్యారేజీ మీద ఆగి ఫోటోలు తీద్దామనుకోకండి. ట్రాఫిక్ పోలీసులు కదలమంటారు. పైగా బండ్లు వెళ్ళినప్పుడల్లా వంతెన అదిరి ఫోటో అలుక్కుపోతుంది.

ఉండవల్లి_తోటమాలి | మంగళవారం, ఉదయం 5.48

నది ఒక్కటే చూసి వెళ్ళిపోతే ఎలా? కరకట్ట మీద ఉండవల్లి దాటి పెనుమాక వైపు రండి. ఒక పక్క లంక, ఒక పక్క అరటి తోటలు. ఇప్పుడు పాలపిట్టల కాలం. మామూలుగా కరెంటు తీగ మీద ముడుచుకుని, రంగు వెలిసిన దానిలా కూర్చునే ఆ పిట్ట ఈ రోజుల్లో చేసే విన్యాసాలు చూడాలి. నిటారుగా పైకి లేచి, అక్కడ రెక్కలు వదిలేసినట్టు పక్కలకు దొర్లుతూ, గట్టిగా అరుస్తూ కిందికి దూకుతుంది. ఆడపిట్ట మెప్పు కోసం ఇదంతా. ఆ దొర్లే క్షణంలో రెక్కల్లోని రెండు నీలాలూ విచ్చుకుంటాయి. ఫోటో తీయాలంటే పిట్ట లేచేటప్పుడే కెమెరా ఎత్తాలి, అరుపు వినిపించాక ఎత్తితే తోక కూడా దొరకదు.

2018లో మన రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించారు, పాలపిట్ట తెలంగాణకు వెళ్ళింది. మా తోట మీద దొర్లే పాలపిట్టకు ఆ ఉత్తర్వు ఇంకా అందలేదు.

మట్టి గట్లలో చిటికెనవేలంత ముక్కుతో బొరియలు తవ్వే పచ్చ బీ-ఈటర్లు కూడా ఉన్నాయి. గట్టు అంచు మీద నడవకండి, బొరియ కూలుతుంది.

పటమట_నాన్న | బుధవారం, రాత్రి 8.40

బాటసారి గారూ, తోటమాలి గారూ, చాలా కృతజ్ఞతలు. పరీక్షల మధ్య సెలవు దొరికిందని ఈ ఉదయం పున్నమి ఘాట్ వెళ్ళి వచ్చాం. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపించాయి. నలుపు తెలుపుల లకుముకి ఒకటి గాలిలో ఆగి ఆగి దూకుతుంటే మా అమ్మాయి కేకలు పెట్టింది. రెండు సందేహాలు. ఒకటి: తొమ్మిది గంటలప్పుడు దూరంగా ఉన్న ఇసుక మీది పక్షులను తీస్తే ఒక్కటీ స్పష్టంగా రాలేదు, అన్నీ నీళ్ళలో కదిలినట్టు ఉన్నాయి. కెమెరాలో లోపమా? రెండు: తెల్లకొంగను తీస్తే ఈకలు కనబడకుండా తెల్లటి మచ్చలా వచ్చింది.

లెన్సు_మాస్టారు | బుధవారం, రాత్రి 9.31

కెమెరా తిరిగి ఇచ్చేయకండి! అది ఇసుక మీద లేచే వేడి గాలి. ఇసుక వేడెక్కగానే దాని పైన గాలి పొరలు కదులుతాయి, వెలుతురు వంగుతుంది, 600 మి.మీ.లో ఆ వంపు కూడా పెద్దదై కనిపిస్తుంది. ఎంత ఖరీదైన లెన్సుకైనా ఇదే గతి. మార్చిలో ఎనిమిదిన్నర దాటితే దూరపు ఫోటోలు మానేసి దగ్గరి చెట్ల మీదికి దృష్టి మళ్ళించండి.

తెల్లకొంగకు ఎక్స్‌పోజర్ తగ్గించాలి. చుట్టూ ముదురు నీరు ఉంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. మైనస్ 0.7 గానీ మైనస్ 1 గానీ పెట్టండి. ఏట్రింత లాంటి నల్ల పిట్ట ఆకాశం మీదికి వస్తే ప్లస్ వైపు. ఇప్పుడు కొంగలకు వీపు మీద సన్నని అలంకారపు ఈకలు వస్తాయి, అవి చెడిపోకూడదు కదా. గుడ్డికొంగనూ గమనించండి. చలికాలమంతా బురద రంగులో కనబడిన పక్షికి ఇప్పుడు వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది.

ఇక ఆ లకుముకి. అది గాలిలో ఆగినప్పుడు రెక్కలు మాత్రమే కొట్టుకుంటాయి, తల మేకు కొట్టినట్టు ఒకేచోట నిలిచిపోతుంది. ముక్కు తిన్నగా కిందికి. ఒక్కొక్కసారి కొంచెం దిగి మళ్ళీ ఆగుతుంది, చేప కదిలిందన్నమాట. ఫోకస్ పెట్టాల్సింది ఆ ఆగినప్పుడే. షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు, వరుసగా తీసే పద్ధతి. అది దూకాక వెంటపడి ప్రయోజనం లేదు. ఎదపై నల్ల పట్టీలు రెండుంటే మగది, మధ్యలో తెగిన ఒకే పట్టీ ఉంటే ఆడది. మీ అమ్మాయి తీసిన ఫోటోల్లో చూసి చెప్పమనండి.

ఒడ్డున కూర్చోండి. వీలైతే పడుకోండి. నిలబడి కిందికి వంచి తీసిన నీటిపక్షి ఫోటో ఎప్పుడూ మేడ మీద నుంచి తీసినట్టే ఉంటుంది.

ఇసుకతిన్నె | గురువారం, ఉదయం 10.12

ఈ ఉదయం కనకదుర్గ వారధి కింది వైపు ఇసుకలో దొరికిన నిధి! తీతువు గుడ్లు నాలుగు. గూడు అని ఏమీ లేదు, నాలుగు గులకరాళ్ళ మధ్య చిన్న గుంట. మట్టిరంగు మీద నల్ల మరకలు, పక్కనే నిలబడినా కనబడవు. దగ్గరి నుంచి తీసిన ఫోటోలు ఐదు జత చేశాను. తల్లి నెత్తి మీద ఎగురుతూ ఒకటే గోల, దాని ఫోటోలూ ఉన్నాయి. కావలసినవాళ్ళ కోసం మ్యాపులో గుర్తు పెట్టాను.

బందరుకాలువ | గురువారం, ఉదయం 10.30

మా అమ్మమ్మ ఉండి ఉంటే తీతువు ఇంటి మీద అరిస్తేనే కీడు అనేది, మీరు దాని ఇంటికే వెళ్ళారు! ఫోటోలు మాత్రం అద్భుతం.

సీతానగరం_టీచరమ్మ | గురువారం, మధ్యాహ్నం 1.20

ఫోటోలు బాగున్నాయి. మ్యాపు గుర్తు మాత్రం దయచేసి ఇప్పుడే తీసేయండి. కారణం చెబుతాను, కోపగించుకోవద్దు.

ఈ కాలంలో తీతువు గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం అనుకుంటాం. పొద్దున అంతే. పది దాటాక అది గొడుగు పని చేస్తుంది. మధ్యాహ్నం ఒడ్డు నుంచి బైనాక్యులర్‌తో చూడండి. జంటలో ఒకటి నీటి అంచుకు వచ్చి, కాళ్ళు మడిచి, పొట్ట మునిగేలా కూర్చుంటుంది. ఈకలు బాగా తడిశాక లేచి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ తిరిగి, వంకర దారిలో గూటికి నడుస్తుంది. ఆ తడి పొట్టను గుడ్లకు ఆనిస్తుంది. ఎండ ముదిరేకొద్దీ మళ్ళీ మళ్ళీ ఇదే పని. మీరు గుడ్ల దగ్గర ఉన్నంతసేపూ ఆ పక్షి మీ నెత్తి మీద ఉంది, గుడ్లు ఎండలో ఉన్నాయి. మీ తరువాత మ్యాపు చూసుకుని ఇంకొకరు వస్తారు, ఆపైన మరొకరు. ఒక్కొక్కరు ఐదు నిమిషాలే ఉంటారు. గుడ్డుకు మాత్రం అవన్నీ కలిసిన ఎండే.

తల్లి గోల అన్నారు. ఆ గోల కాకులకు కూడా వినిపిస్తుంది.

అదే ఇసుక మీద రివర్ టెర్న్‌లు కూడా గుడ్లు పెట్టే కాలం ఇది. పసుపు ముక్కు, నల్ల టోపీ, చీలిన తోక. మగది చేప తెచ్చి ఆడదాని ముందు నిలబడి అందిస్తుంటే చూడడానికి రెండు కళ్ళు చాలవు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ప్రమాదంలో ఉన్న పక్షుల్లో అదొకటి.

ఇసుకతిన్నె | గురువారం, మధ్యాహ్నం 2.05

టీచరమ్మ గారూ, నేను అక్కడ ఉన్నది ఎనిమిది లోపే, ఎండ ఎక్కక ముందే. గుడ్లు ముట్టుకోలేదు. ఆ ఇసుక మీద ట్రాక్టర్లు తిరుగుతాయి, కుక్కలు గుంపులుగా తిరుగుతాయి, పైనుంచి నీళ్ళు వదిలితే తిన్నెలే మునిగిపోతాయి. వాటినెవరూ ఏమీ అనరు. కెమెరా పట్టుకున్నవాడు దొరికితే పాఠం చెబుతారు. అక్కడ గూళ్ళు ఉన్నాయని ఫోటో చూపించకపోతే, ట్రాక్టరు వెళ్ళినా పోయిందేమిటో ఎవరికీ తెలియదు. సాక్ష్యం ఉండాలి కదా?

కరకట్ట_బాటసారి | గురువారం, మధ్యాహ్నం 2.40

సాక్ష్యం అటవీ శాఖకు ఇవ్వండి, ఊరందరికీ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను, గూళ్ళను అలజడి పెట్టడం కూడా ఉన్నాయి. తుపాకీ పట్టుకుంటేనే వేట కాదు.

అయితే ట్రాక్టర్ల మాట నిజం. దానికి నా దగ్గరా జవాబు లేదు.

నిర్వాహకుడు | గురువారం, మధ్యాహ్నం 3.15

మ్యాపు గుర్తు తొలగించాను. దగ్గరి గుడ్ల ఫోటోలు ఐదూ తీసేసి, ఎగిరే తీతువు ఫోటోలు ఉంచాను. ఇకపై ఫిబ్రవరి నుంచి జులై దాకా గూడు, గుడ్డు, కళ్ళు తెరవని పిల్లల ఫోటోలు ఈ విభాగంలో పెట్టవద్దు. అభ్యంతరాలుంటే నాకు విడిగా రాయండి, ఇక్కడ కాదు.

ఇసుకతిన్నె | గురువారం, మధ్యాహ్నం 3.22

సరే. మీ వేదిక, మీ ఇష్టం.

రేవు_కుర్రాడు | గురువారం, రాత్రి 9.50

అన్నా, టీచరమ్మా, నేను ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. మా నాన్న యాభై ఏళ్ళుగా బ్యారేజీ కింద చేపలు పడుతున్నారు. ఏ తిన్నె మీద తెల్ల పిట్టలు దిగాయో మా వాళ్ళందరికీ తెలుసు. ఆ పక్కకు పడవ పట్టం. భక్తి అనుకోకండి. అడుగు పెడితే నెత్తి మీద రెట్ట వేసి, ముక్కుతో పొడుస్తాయి, అంతకన్నా కారణం అక్కరలేదు.

కుక్కలు ఎందుకు వస్తున్నాయో కూడా చెబుతాను. రేవులో చేపలు ఏరాక పనికిరాని చిన్న చేపలు, పేగులు ఒడ్డున పారేస్తాం. వాటికి మరిగిన కుక్కలు నీళ్ళు తగ్గగానే తిన్నెల మీదికి నడిచి వెళ్తాయి. ఆ చెత్త గోతిలో పూడిస్తే సగం కుక్కలు రావు. ఇది మేమే చేయగలం, చేయాలి కూడా. తెగిన నైలాను వలలు ఇంకొకటి. నీటికాకి మునిగి అందులో చిక్కుకుంటే ఇక పైకి రాదు.

2024 సెప్టెంబరు వరదకు 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది కదా, అప్పుడు పాత తిన్నెల మీది జమ్ము, తుంగ చాలావరకు కొట్టుకుపోయి బోడి ఇసుక మిగిలింది. పిట్టలకు అదే ఇష్టం అంటారు నాన్న, గడ్డి ఉంటే నక్క వచ్చేది కనబడదట.

లెన్సు_మాస్టారు | గురువారం, రాత్రి 10.15

తమ్ముడూ, నువ్వు ఇన్నాళ్ళూ రాయకపోవడమే మాకు నష్టం. కలివికోడి కథ తెలుసా? కనుమరుగైపోయిందని అందరూ అనుకున్న పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. నది సంగతులు మీ నాన్నగారిని అడగకుండా మేము లెన్సుల గురించి వాదించుకుంటున్నాం.

గుంటూరు_గూడబాతు | శుక్రవారం, ఉదయం 6.30

గూళ్ళ ఫోటోలే కావాలంటే ఇసుకతిన్నె గారూ, మా ఉప్పలపాడు ఉందిగా! గుంటూరు నుంచి అరగంట లోపు ప్రయాణం. ఊరి చెరువులో దిబ్బల మీద సర్కారు తుమ్మలు, వాటి మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు. ఒక్కొక్క చెట్టు మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్ళు. చూడడానికి మంచె ఉంది. మధ్యలో నీరు అడ్డం కాబట్టి మీరు దగ్గరికి వెళ్ళలేరు, పక్షులకు ఊరి అలికిడి అలవాటే. పిల్ల గూడబాతు తల్లి సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేప లాక్కునే దృశ్యం మంచె మీద నిలబడే తీయవచ్చు. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇసుకతిన్నె | శుక్రవారం, ఉదయం 8.02

ఉప్పలపాడు ఫోటోలు అందరి దగ్గరా ఒకేలా ఉంటాయి. అదే మంచె, అదే కొమ్మ.

గుంటూరు_గూడబాతు | శుక్రవారం, ఉదయం 8.10

అదే కొమ్మ మీద వేరే పక్షి, వేరే వెలుతురు. మీకు కావలసింది పక్షా, ఎవరి దగ్గరా లేని ఫోటోనా?

పటమట_నాన్న | శుక్రవారం, రాత్రి 7.55

మధ్యలో మా అమ్మాయి ప్రశ్న ఒకటి. వేపచెట్టు మీద గోధుమరంగు పిట్ట, ఒళ్ళంతా తెల్ల చుక్కలు, పొడవాటి తోక, ఎర్రని కళ్ళు. డేగ అంటోంది. కాకులు తరుముతున్నాయి.

సీతానగరం_టీచరమ్మ | శుక్రవారం, రాత్రి 8.05

ఆడ కోకిల. నల్లగా ఉండి కూసేది మగది. కాకులు తరమడంలో న్యాయం ఉంది, గుడ్లు పెట్టేది వాటి గూట్లోనే కదా. ముక్కు తిన్నగా ఉందా, డేగ ముక్కులా కొక్కెం తిరిగి ఉందా అని చూసుకోమనండి, ఇక పొరపాటు పడదు.

ఎక్కడైనా బూరుగ పూసి ఉంటే తప్పకుండా వెళ్ళండి. గులాబీ గోరింకలు గుంపులుగా దిగి పూలలో తేనె తాగుతుంటాయి, ముఖానికంతా పుప్పొడి. ఏప్రిల్ వచ్చేసరికి మధ్య ఆసియా వైపు వెళ్ళిపోతాయి, ఇక వానల తరువాతే. చూసిన పక్షుల పేర్లు, తేదీ, సమయం ఈబర్డ్ అనే పక్షుల జాబితాల వెబ్‌సైటులో నమోదు చేయించండి. ఎనిమిదో తరగతి పిల్ల పెట్టిన జాబితా అయినా, ఫలానా వారం గోరింకలు ఇంకా ఉన్నాయని చెబుతుంది. మంచి ఫోటో కూడా చెప్పలేని సంగతి అది.

కరకట్ట_బాటసారి | శుక్రవారం, రాత్రి 9.00

ఈ ఆదివారం అందరం కలుద్దామా? యనమలకుదురు రామలింగేశ్వరస్వామి కొండ కింద, ఆరు గంటలకు. కరకట్ట మీదే నడక, ఇసుకలోకి దిగం. ఇసుక తవ్విన చోట్ల గోతులు ఉన్నాయి, పైకి మోకాలి లోతులా కనిపించి మనిషిని ముంచుతాయి. పిల్లలు వచ్చే నడకలో ఆ సాహసం వద్దు. ఎనిమిదిన్నరకు ముగించి టిఫిను.

రేవు_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 9.25

నాన్న పడవ తెస్తానన్నారు. నలుగురు ఎక్కవచ్చు. టెర్న్‌ల తిన్నెకు దూరంగా, కింది వైపున నీళ్ళలోనే ఆపుతాం. పిట్టలు లేచి అరిచాయంటే వెనక్కి తిప్పేస్తాం, అది నాన్న షరతు.

సీతానగరం_టీచరమ్మ | శుక్రవారం, రాత్రి 9.31

లైఫ్ జాకెట్లు ఉంటేనే పడవ. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి జనం పోయిన సంగతి ఎవరూ మరిచిపోకూడదు. నా దగ్గర రెండు ఉన్నాయి, మిగిలినవి ఎవరైనా తేవాలి.

ఇసుకతిన్నె | శనివారం, ఉదయం 7.15

పడవలో ఒక చోటు నాకు. రెండు జాకెట్లు నేను తెస్తాను. వాదన ముగిసిందని మాత్రం అనుకోకండి, ట్రాక్టర్ల సంగతి టిఫిను దగ్గర తేలుద్దాం.

రేవు_కుర్రాడు | శనివారం, ఉదయం 7.40

రండన్నా. ట్రైపాడ్ వద్దు, పడవలో నిలవదు. తెల్ల చొక్కా కూడా వద్దు.